పందిపిల్లల పంక్తి

మా వదినకి నా మీద కోపం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. మామూలు రోజుల్లో నన్ను "ఏమే" అని పిలుస్తుంది. కోపం వస్తే "మీరు" అంటుంది. పెళ్లయిన కొత్తలో నేనూ ఆవిడని మీరు అనే అనేదాన్ని. మా ఆయనకి సొంత అక్క, ఇంట్లో పెద్దది, మర్యాద ఇవ్వాలి కదా. కొన్నాళ్లు విని విని, పొద్దస్తమానం పందుల మధ్య తిరిగేవాళ్లకి ఈ మర్యాదలేంటే అని ఆవిడే మాన్పించింది. అప్పట్నుంచి మా ఇద్దరి మధ్యా నువ్వే. అలాంటిది పోయిన వానాకాలంలో ఒక పొద్దున నా దగ్గరికి వచ్చి, "దాణా కలిపారా?" అని అడిగింది. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. బస్తాలు తప్ప ఎవరూ లేరు.

ఆ "కలిపారా" దాకా ఎలా వచ్చామో చెప్తాను. మాది పందుల ఫారం. పనంతా ముగ్గురి మీద నడుస్తుంది. పెద్ద పందుల షెడ్లు, బేరాలు, మరమ్మతులు మా ఆయనవి. దాణా నాది. మొక్కజొన్న పిండి, సోయా పిండి, తవుడు, ఉప్పు, ఖనిజాల పొడి పాళ్లు చూసుకుని డ్రమ్ములో వేసి తిప్పుతాను. తల్లి దగ్గర పాలు మానిన పిల్లల్ని పెంచేది వదిన. పిల్లల గది ఆవిడ రాజ్యం. పొడుగాటి గది, మధ్యలో నడవ, నడవకి అటూ ఇటూ ఇనప ఊచల అరలు, ఒక్కో అర మీద వేడినిచ్చే ఎర్ర బల్బు. గుమ్మం పక్కన, విరిగిన కాలిని తాడుతో కట్టిన స్టూలు ఒకటుంది. దాని మీద వదిన తప్ప ఎవరూ కూర్చోరు, కూర్చుంటే పడతారు. పొద్దున్నే తలుపు తీస్తూ "అత్త వచ్చిందర్రా" అంటుంది. ఆ మాట వినగానే పిల్లలన్నీ ఒక్కసారిగా లేచి గోల పెడతాయి.

మా ఆయనకి ఈ వరసలు నచ్చవు. "వాటికి నువ్వు అత్తవైతే నేనేమవుతాను అక్కా?" అని ఒకసారి విసుక్కున్నాడు.

"నువ్వేమవుతావో నువ్వే లెక్కేసుకో," అంది వదిన.

నేను ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాను. ఆయన మాత్రం మూతి ముడుచుకుని షెడ్డు కేసి వెళ్లిపోయాడు.

పాలు మాన్పించిన వారమే మాకు గండం. తల్లి దూరమవుతుంది, తిండి మారుతుంది, పక్కన ముక్కూ మొహం తెలియని పిల్లలు చేరి తోసుకుంటాయి. కడుపు ఇంకా కుదురుకుని ఉండదు. ఆ సందులో ఏ క్రిమి దూరినా చాలు, పారుడు, అంటే విరేచనాలు, మొదలవుతుంది. ఒళ్లు కాలిపోతుంది. తిండి మానేసి బల్బు కింద ఒకదాని మీద ఒకటి కుప్పగా పడుకుంటాయి. పోయేవి పోతాయి. మిగిలినవాటిది ఇంకో బాధ. జబ్బుతో పోట్లాడటానికే ఒంట్లో సత్తువంతా అయిపోయి, తిన్నది ఒంటబట్టక, ఎన్నాళ్లైనా అలాగే గిడసబారి ఉంటాయి. పోయినవాటిని మోసుకెళ్లి పాతిపెట్టే పని మా ఆయనది. ఆ రోజు ఆయన భోజనం దగ్గర ఎవరితోనూ మాట్లాడడు.

అలా వరసగా కొన్ని ఈతల పిల్లలు పాడయ్యాక, ఒకరోజు టేపు పట్టుకుని పిల్లల గదిలోకి వెళ్లి గోడలు కొలవడం మొదలుపెట్టాడు. ఇక పాలు మానిన పిల్లల్ని పెంచేది లేదట. బయట ఎదిగిన పిల్లల్ని తెచ్చుకుని పెద్ద చేయడమేనట. గది ఎలాగూ ఖాళీ అవుతుంది కాబట్టి దాణా బస్తాలు పెట్టుకోవడానికి నాకిస్తాడట. నా కొట్టు కారుతోందని, బస్తాలు చెమ్మ పడుతున్నాయని ఇన్నాళ్లూ ఆయన ప్రాణం తోడేసింది నేనే. తీరా గది చేతికొచ్చే వేళకి సరేనన్నా తప్పే, వద్దన్నా తప్పేలా ఉంది నా పరిస్థితి.

"మరి నేనేం చెయ్యాలిరా?" అంది వదిన.

"ఇన్నాళ్లూ చేశావుగా అక్కా. ఇక హాయిగా కూర్చుని తిను."

ఆయన ప్రేమగానే అన్నాడు. వదినకి మాత్రం కూర్చుని తినడమంటే తిట్టు కిందే లెక్క. ఈ ఫారంలో ఆవిడకంటూ ఉన్నది ఆ గది ఒక్కటే. అది పోతే ఆవిడ తమ్ముడింట్లో ఉంటున్న అక్క అవుతుంది, అంతే.

సరిగ్గా ఆ సమయానికి పశువుల డాక్టరు వచ్చాడు. నెమ్మదస్తుడు. ఒక్క మాట చెప్పాలంటే నాలుగుసార్లు ఆలోచిస్తాడు. టేపుతో తిరుగుతున్న మా ఆయన్ని చూసి సంగతి కనుక్కుని, ఒక్క ఈత ఆగి చూడమన్నాడు. దాణాలో కలిపే పొడి ఒకటి ఉందట. ఈస్టు, కడుపులో పులుపు నిలిపే ఆమ్లాలు, కొన్ని విటమిన్లు, వాము నూనె లాంటిదేదో కలిపి చేసిందట. ఇది మందు కాదు, క్రిమిని చంపదు అని ముందే చెప్పేశాడు. జబ్బు వచ్చినప్పుడు ఒళ్లు మరీ కంగారుపడిపోకుండా, పేగులు మరీ దెబ్బ తినకుండా కాస్త ఆసరా ఇస్తుందట. కొన్నిచోట్ల పనికొచ్చింది, కొన్నిచోట్ల ఏ తేడా లేదు, మీ దగ్గర చూస్తే గాని చెప్పలేనన్నాడు. తన సరుకుని ఇంత తక్కువగా పొగిడే మనిషిని నేనెక్కడా చూడలేదు, అందుకే నమ్మాలనిపించింది.

చూడటం ఎలాగో కూడా ఆయనే చెప్పాడు. గదిలో కిటికీ వైపు వరుసకి పొడి కలిపిన దాణా, గోడ వైపు వరుసకి ఉత్త దాణా. ఒక్కో తల్లి పిల్లల్ని సగం అటు, సగం ఇటు సర్దాడు. నీళ్లు, బల్బులు, శుభ్రం అన్నీ సమానం. చివర్లో తూకం వేసినప్పుడు కిటికీ వైపువి ఎక్కువ తూగితే పొడి పనిచేసినట్టు, గది ఉంటుంది. రెండు వైపులా ఒకలాగే ఉంటే పొడి ఉత్తదే, మా ఆయన టేపు బయటికి తీస్తాడు. ఈ ఒప్పందానికి అందరం తలూపాం. వదిన కూడా ఊపింది, కాకపోతే కాస్త ఆలస్యంగా ఊపింది.

పొడి కలిపింది నీలం మూత డబ్బాలో, ఉత్తది పసుపు మూత డబ్బాలో పోసి నేనే ఆవిడకి అప్పగించాను. పొడి కలిపిన రోజు నా కొట్టంతా వాము వాసన. చేతులు ఎన్నిసార్లు కడిగినా వదలదు. మా ఆయన భోజనానికి నా పక్కన కూర్చుని, "ఏం, కడుపునొప్పి గానీ వచ్చిందా?" అని ఆటపట్టించేవాడు.

వాన ముసురు పట్టింది. అనుకున్నట్టే పారుడూ వచ్చింది. ముగ్గురం గుండెలు అరచేతిలో పెట్టుకుని చూశాం. ఈసారి మాత్రం పిల్లలు కుప్పగా పడుకోలేదు. కాస్త నలతగా ఉండి, చెవులు వేలాడేసి, మళ్లీ లేచి తొట్టి దగ్గరికి నడిచాయి. గోడ వైపు అరలో వదిన బుడంకాయ అని పిలిచే బక్కపిల్ల ఒకటుంది. అది కూడా నిలదొక్కుకుంది. ఒక్కటీ పోలేదు. వదిన ఇంటికీ గదికీ మధ్య ఎగిరెగిరి నడిచింది.

తూకం రోజు డాక్టరు వచ్చాడు. కీచుమంటున్న పిల్లల్ని ఒక్కోదాన్నీ పట్టుకుని కాటా మీద పెట్టేసరికి మాకు చెవులు పనిచేయడం మానేశాయి. అంతా అయ్యాక కూడి చూస్తే, కిటికీ వైపూ గోడ వైపూ ఒకటే. తేడా అని చెప్పుకోవడానికి గుప్పెడు కూడా లేదు. డాక్టరు తల గోక్కున్నాడు. పొడి తిననివీ బతికాయంటే ఇది పొడి గొప్పతనం కాదు, ఈసారి మన అదృష్టం బాగుంది అంతే అన్నాడు మా ఆయన. వచ్చే ముసురుకి ఆ అదృష్టాన్ని నమ్ముకుని కూర్చోలేనన్నాడు. వదిన వెళ్లి స్టూలు మీద కూర్చుంది.

ఆ మర్నాడే నన్ను "దాణా కలిపారా?" అని అడిగింది. కలిపానన్నాను. "కలపాల్సింది కలపాల్సినట్టే కలిపారా అని," అంది. "గది ఎవరి చేతికొస్తుందో అందరికీ తెలుసు కదండీ."

అండీ కూడా వచ్చి చేరింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. ఆ గదికి ఆశపడి పొడి కలపకుండా మోసం చేశానని అనుకుంటోంది మహాతల్లి. కోపంలో నా నోటికి ఏ మాట వస్తుందో అని భయపడి బయటికొచ్చేశాను. కాళ్లు నన్ను పిల్లల గదికే తీసుకెళ్లాయి. లోపల ఎవరూ లేరు. మనుషులతో చెప్పుకునే మాటలు కావు కదా అని బుడంకాయని ఎత్తుకుని, "చూశావా మీ అత్త నన్నెంత మాట అందో," అని మొదలుపెట్టాను. అది నా చెంప మీద ముట్టె పెట్టి రుద్దింది. ఘుమ్మని వాము వాసన.

బుడంకాయది గోడ వైపు వరుస. దానికి వాము వాసన రాకూడదు. తొట్టిలోకి వంగి చూశాను, తొట్టి మూలల్లో అదే వాసన. పక్క అర, దాని పక్క అర, గోడ వైపు తొట్లన్నీ ఒకటే వాసన. సంగతి బుర్రకెక్కేసరికి వెనకా ముందూ చూసుకోకుండా స్టూలు మీద కూలబడ్డాను. స్టూలు తన పని తాను చేసింది. వదిన వచ్చేసరికి నేను నడవలో వెల్లకిలా ఉన్నాను, బుడంకాయ నా పొట్ట మీద ఉంది.

"వదినా, గోడ వైపు తొట్లలో వాము వాసన ఎందుకొస్తోంది?" అని పడుకునే అడిగాను.

ఆవిడ తొట్టి వైపు చూసుకుంటూ చెప్పింది. మొదట్లో చెప్పినట్టే పెట్టిందట. కిటికీ వైపువి తింటుంటే, గోడ వైపువి ఎదురుగా ఉన్న తమ దాణా వదిలేసి, ఊచల్లోంచి ముట్టెలు బయటపెట్టి అటే చూశాయట. అటున్నదీ ఇటున్నదీ ఒక తల్లి పిల్లలే, మధ్యలో ఉన్నది నడవే. ఆవిడ వల్ల కాలేదు. రెండు డబ్బాలూ ఒకదాంట్లో ఒకటి పోసి, కలియబెట్టి, అందరికీ సమానంగా పెట్టేసింది.

"ఒకే పంక్తిలో కూర్చోబెట్టి వాడికొకటీ వీడికొకటీ వడ్డిస్తామా? పంక్తిభేదం నా వల్ల కాదే. నాకు చెయ్యాడలేదు."

ఏమే తిరిగొచ్చిందని నేను గమనించే స్థితిలో కూడా లేను. లేచి కూర్చుని, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాను. "అందరికీ పెట్టావు కాబట్టే తేడా రాలేదు వదినా. తేడా రాలేదు కాబట్టే నీ గది పోతోంది."

ఆ మాట ఆవిడకి అప్పటిదాకా తట్టనే లేదు. కళ్లు పెద్దవి చేసుకుని నన్నే చూసింది. "అంటే సగం పిల్లలు మంచాన పడుంటే నా గది ఉండేదా?"

"పడాలని కాదు. పడితే తెలిసేది."

"పడకుండా చూసుకున్నందుకు తీసేస్తాడా?"

నన్ను అనుమానించినందుకు ఆవిడ నా గడ్డం పట్టుకుంది. నేను ఇంకాసేపు బెట్టు చేద్దామనుకున్నాను కానీ బుడంకాయ నా చీర కొంగు నమిలేస్తోంది.

సంగతి విని మా ఆయన ముందు పడీపడీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, అక్క అలా చేసిందంటే నమ్ముతాను గానీ, పిల్లలు పొడి వల్ల బతికాయో, పొడి లేకపోయినా బతికేవో ఎలా తెలుస్తుందన్నాడు. అడిగితే డాక్టరూ అదే మాటన్నాడు. కాబట్టి వచ్చే ఈతకి మళ్లీ మొదట్నుంచీ చేయాలి. వదిన మాత్రం పసుపు మూత డబ్బా ముట్టుకోనని తెగేసి చెప్పింది. గది పోతే పోనీ, ఊచల్లోంచి చూసే కళ్లని తప్పించుకు తిరగడం తన వల్ల కాదంది.

"సరే, గోడ వైపు నేనే పెడతాను," అన్నాడు మా ఆయన. "నాకీ అత్తలూ కోడళ్లూ వరసలేమీ లేవు."

అలా రెండోసారి మొదలైంది. పూటపూటకీ మా ఆయన పసుపు డబ్బా చంకన పెట్టుకుని, పరీక్ష హాల్లో మాస్టారులా వచ్చేవాడు. గోడ వైపు తొట్లలో దాణా పోసి, తల తిప్పకుండా వెళ్లిపోయేవాడు. ఆయన పోస్తున్నంతసేపూ వదిన కిటికీ వైపు తిరిగి నిలబడేది. తమ్ముణ్ణి కూడా మీరు అనడం మొదలుపెట్టింది. "భోజనానికి వస్తారా?" అని అడిగితే ఆయన గుడ్లు తేలేసి నా వైపు చూశాడు. నాకు ఇదంతా అలవాటేనన్నట్టు కూర వడ్డించాను.

మళ్లీ ముసురు, మళ్లీ పారుడు. ఈసారి గోడ వైపు పిల్లలు నిజంగానే డీలా పడ్డాయి. బుడంకాయకి తమ్ముడో చెల్లెలో అనదగ్గ ఇంకో బక్కది బల్బు కిందికి పాక్కుంటూ వెళ్లి లేవడం మానేసింది. మా ఆయన భోజనం దగ్గర మాట్లాడటం మానేశాడు. చూడబోతే పొడి గెలిచేట్టే ఉంది, వదిన గదీ నిలిచేట్టే ఉంది. అయినా మా ఇంట్లో ఎవరి మొహానా సంతోషం లేదు. వదిన పెదవి కొరుక్కుంటూ కిటికీ వైపే చూస్తూ నిలబడేది.

ఇంతలో ఏమైందో గోడ వైపువి కోలుకున్నాయి. బక్కది లేచి తొట్టి దగ్గర తోపులాటకి కూడా దిగింది. నేను డబ్బాల్లో దాణా పోసే మనిషిని కదా, నాకు ఇంకో సంగతి కనిపించింది. పసుపు డబ్బా నిండుగా అలాగే ఉంది. నీలం డబ్బా మాత్రం అడుగు కనిపిస్తోంది. నేరుగా వదిన దగ్గరికెళ్లి నిలదీశాను. గోడ వైపు తొట్లు తను ముట్టుకోలేదంది. స్టూలు మీద ఒట్టేసింది. ఆవిడకి అంతకంటే పెద్ద ఒట్టు లేదు.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చొక్కా చేతి మడతలోంచి సన్నగా వాము వాసన.

"ఏం, కడుపునొప్పి గానీ వచ్చిందా?" అన్నాను.

ఆయనకి పొలమారింది. నేను నెత్తి మీద తట్టి నీళ్లిచ్చాను.

ఆ సాయంత్రం ఆయన గది వైపు వెళ్లడం చూసి, కాస్త ఆగి నేనూ వెళ్లాను. తలుపు ఓరగా ఉంది. ఆయన తన అక్క స్టూలు మీద, ఎలా కుదిరిందో గానీ పడకుండా, ఒంటి కాలి మీద బరువు ఆపుకుని కూర్చున్నాడు. నీలం మూత నేల మీద ఉంది. గోడ వైపు తొట్టిలోకి గుప్పెళ్లతో దాణా వేస్తున్నాడు. బక్కదాన్ని మిగతావి తోసేస్తుంటే అడ్డంగా చెయ్యి పెట్టి దానికి దారి చేశాడు.

"మెల్లిగా, మెల్లిగా. అందరికీ ఉంది," అన్నాడు వాటితో. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు, "మీ అత్తతో మాత్రం చెప్పకండి."

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగేసరికి నా భుజం వెనకే వదిన. ఎప్పుడొచ్చిందో తెలియదు. అన్నీ విన్నది. ఆవిడ కళ్ల నిండా నీళ్లు, మొహం నిండా నవ్వు. నా చెయ్యి పట్టుకుని చప్పుడు చేయకుండా దాణా కొట్టు దాకా లాక్కొచ్చింది. అక్కడ ఇద్దరం బస్తాల మీద పడి, నవ్వుతున్నామో ఏడుస్తున్నామో తెలియనంతసేపు ఉన్నాం.

"లెక్కేసుకున్నాడే," అంది చివరికి, కళ్లు తుడుచుకుంటూ.

తూకం రోజున డాక్టరు ఒక్కోదాన్నీ తూచాడు. రెండు వరుసలూ మళ్లీ ఒకటే. ఆయన కాటాని అనుమానంగా చూశాడు, ఆ తర్వాత మా ముగ్గురినీ చూశాడు. మా ఆయన కప్పు వైపు చూస్తున్నాడు. నేను డబ్బాల వైపు చూస్తున్నాను. వదిన పిల్లల వైపు చూస్తోంది. డాక్టరు వంగి ఒక గోడ వైపు పిల్ల ముట్టె వాసన చూశాడు. నిటారుగా నిలబడి, చాలాసేపు ఆలోచించి, ఈ పొడి ఎంత పనిచేస్తుందో ఏ ఫారంలోనైనా తెలియొచ్చు గానీ మీ ఇంట్లో మాత్రం తెలియదు అన్నాడు. మీ దగ్గర మందు సూది తీయాల్సిన పని మాత్రం ఈ రెండు ఈతలూ రాలేదు, అంతవరకే చెప్పగలనన్నాడు.

"తెలియకపోతే మానె," అన్నాడు మా ఆయన. "పిల్లలు బాగున్నాయి కదా." ఆ మాటంటూ టేపు తీశాడు. వదిన బిగుసుకుపోయింది. ఆయన నేరుగా గది దాటి నా కొట్టులోకి వెళ్లి, కారే చోట కప్పు కొలవడం మొదలుపెట్టాడు.

ఆ పూట దాణా కలపబోతూ, అలవాటుగా రెండు డబ్బాలూ ముందు పెట్టుకున్నాను. వదిన గుమ్మంలో నిలబడి నవ్వింది.

"పంక్తి ఒకటే అయినప్పుడు డబ్బాలు రెండెందుకే?"

పొడంతా నీలం మూత దాంట్లోనే కలిపాను. కప్పు వేయించేదాకా పసుపు డబ్బా కారే చోట పెట్టుకున్నాను.